అప్ప అంటే ఎవరు?

ఆదోని పత్తి మార్కెట్టులో ‘ఏమప్పా!’ అని ఎవరన్నా గట్టిగా పిలిస్తే నలుగురు మగవాళ్ళు ఒకేసారి తల తిప్పుతారు. పిలిచిన మనిషికి వాళ్ళు చుట్టాలు కానక్కరలేదు. బండి మీద పత్తి తెచ్చిన రైతు, కాటా దగ్గరి హమాలీ, టీ అంగడాయన అందరూ అప్పలే. ‘యాడికి పోతుండావప్పా’, ‘ఇట్ల రాప్పా’, ‘వద్దులేప్పా’. అయ్యా అంటే మర్యాద పెరిగి మనిషి దూరమవుతాడు. రా అంటే చనువు మిగిలి మర్యాద పోతుంది. పడమటి కర్నూలు మనిషి ఆ రెంటికీ నడుమ చోటు చూసి అక్కడ అప్పను కూర్చోబెట్టాడు.

ఇదే మాటను విజయనగరం తీసుకుపోతే అప్ప ఆడమనిషి అవుతుంది. అక్కడ అప్ప అంటే అక్క. తక్కిన తెలుగునాట విడిగా అనకపోయినా, అప్పచెల్లెళ్ళు అనే జంటమాటలో ఆ అక్క ఇంకా బతికే ఉంది. కన్నడిగులకు అప్ప తండ్రి, తమిళులకు అప్పా తండ్రి, మంగళూరు వైపు తుళువాళ్ళకు అప్పె తల్లి. మన నిఘంటువుల్లో అప్ప దగ్గర చూస్తే అక్క, తల్లి, తండ్రి మూడర్థాలూ కనిపిస్తాయి. ఒకే మాట తల్లికీ తండ్రికీ అక్కకూ ఎట్లా చెల్లిందని విడ్డూరపడాల్సిన పని లేదు. నాకు తోచినంతలో ఈ మాట మోసే అర్థం ‘మావాళ్ళు, నాకంటే పెద్ద’ అన్నంతే. ఆ పెద్ద ఎవరన్నది ఏ ఇంటికా ఇల్లు తేల్చుకుంటుంది.

పడమటి కర్నూలులో ఆ తేల్చుకోవడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. గూడూరు, కోడుమూరు వైపు తెలుగు ఇళ్ళలో తండ్రి ఎక్కువగా నాయన. ఎమ్మిగనూరు దాటి కౌతాళం, హొళగుంద మీదుగా కర్ణాటక సరిహద్దు దగ్గర పడేకొద్దీ నాయన తగ్గి అప్ప పెరుగుతాడు. దీని వెనక చరిత్ర ఉంది. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లాలో భాగం. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరుకు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. కచేరీ కాగితాల భాష ఒక్కరోజులో తేలిపోయింది గానీ వంటింటి భాష అట్లా తేలదు. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, బజారులో తెలుగూ దక్కనీ ఉర్దూ కలగలిపి మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ అక్కడున్నాయి. ఆ పిల్లలకు ఇంట్లో అప్ప అంటే తండ్రి. పక్కింటి ముస్లిం పిల్లలకు ఆపా అంటే పెద్దక్క, అది తురుష్క భాష నుంచి ఉర్దూలోకి వచ్చిన మాట. వాళ్ళ తండ్రి అబ్బా. ఒకే వీధిలో ఆడుకునే పిల్లలు ఆపా ఎవరో, అప్ప ఎవరో, అబ్బా ఎవరో ఒక్కసారి కూడా తడబడరు. ఎవరి గడప తొక్కితే ఆ గడప అర్థం.

ఆ ప్రాంతపు పేర్లలోనూ అప్ప పాతుకుపోయాడు. తిమ్మప్ప, బసప్ప, రంగప్ప, మారెప్ప, ఉరుకుంద ఈరన్న స్వామి పేరు మీద పెట్టుకునే ఉరుకుందప్ప. ఎమ్మిగనూరు చేనేతకు 1938లో సహకార సంఘం కట్టి, 1954లో పద్మశ్రీ అందుకున్న మాచాని సోమప్ప కూడా అప్పే. పుట్టిన నాడే పసివాడి పేరు చివర అప్ప చేర్చడం అంటే, వాడు ముందుముందు పెద్దవాడవుతాడన్న నమ్మకాన్ని పేరులోనే రాసిపెట్టడం.

ఈ అప్ప శబ్దం కొరియా భాషలోనూ ఉంది, ఇక ఆ సంగతి. రాయలసీమలో కొరియా ప్రస్తావన ఇప్పుడు దూరపు మాట కాదు. 2017లో ఒప్పందం కుదిరి, 2019 డిసెంబరులో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం లాంఛనంగా మొదలయ్యాక పెనుకొండ దారిలో హోటళ్ళ బోర్డుల మీద కొరియా లిపి కనిపించసాగింది. ఆ భాషలో చిన్నపిల్లలు తండ్రిని పిలిచే మాట అప్పా. మర్యాదగా చెప్పాలంటే అబొజీ, ఒళ్ళో కూర్చున్నప్పుడు అప్పా. తల్లి ఒమ్మా. ఆ పలకడం మన అమ్మకూ ఒమ్మకూ నడుమ ఎక్కడో ఉంటుంది. పెనుకొండలో ఒక కొరియా పిల్ల ‘అప్పా’ అని పరుగెత్తితే అక్కడివాళ్ళకు అర్థం చెప్పే దుబాసీ అక్కరలేదు. ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చిన కుర్రాడైతే మాత్రం, వాళ్ళక్క ఎక్కడుందా అని చూస్తాడు.

కొరియా భాషలో పకారానికి మూడు రకాలున్నాయి. మామూలుది, ఊపిరి వదిలి పలికేది, గొంతు బిగించి పలికేది. అప్పాలో ఉన్నది మూడోది. తెలుగువాళ్ళం ద్విత్వానికి అలవాటుపడ్డవాళ్ళం కనక మన ‘ప్ప’ దానికి చాలా దగ్గరగా పోతుంది. ఇంగ్లీషులో ఒక మాట లోపల హల్లును ఇట్లా ఒత్తి నిలిపే పద్ధతి లేదు. తండ్రి కొరియన్, తల్లి ఇంగ్లీషు మాట్లాడే మనిషి అయిన ఇంట్లో, రెండేళ్ళ బిడ్డ పలికినంత తేలిగ్గా ఆ తల్లి అప్పాను పలకలేదు. ఆమె నోట అది అపా అవుతుంది. ఆ ఇంట్లో బిడ్డే గురువు.

అట్లాంటి ఇళ్ళలో భాష ఎట్లా కరిగిపోతుందో గమనిస్తే నాకు మనవాళ్ళే కళ్ళ ముందుకు వస్తారు. ముందు వార్తల భాష పోతుంది, తర్వాత కథల భాష, ఆ తర్వాత తిట్లు. కడపటిదాకా నిలిచేవి వరస మాటలు, తిండి మాటలు. ‘అప్పా, కెన్ ఐ గో?’ అని అడిగే పిల్లవాడి వాక్యంలో అప్పా ఒక్కటే కొరియా మాట. కెనడా టెలివిజన్‌లో 2016 నుంచి 2021 దాకా నడిచిన ‘కిమ్స్ కన్వీనియన్స్’ ధారావాహికలో కొరియా తల్లిదండ్రుల పాత్రల పేర్లే అప్పా, ఉమ్మా. మాటలన్నీ దాదాపు ఇంగ్లీషులోనే నడుస్తాయి, తండ్రి మాత్రం డాడ్ కాలేదు. దాని రచయిత ఇన్స్ చోయ్ చేసిన పని నాకు చాలా నచ్చింది.

వరసల విషయానికొస్తే కొరియా ఇల్లు ఇంగ్లీషు ఇంటికన్నా మన ఇంటికి దగ్గర. ఆడపిల్ల అన్నను ఓప్పా అంటుంది, అక్కను ఒన్ని అంటుంది. మగపిల్లవాడికి అన్న హ్యొంగ్, అక్క నూనా. మన విజయనగరం అప్ప ఆడ, వాళ్ళ ఓప్పా మగ. మన అన్న మగ, వాళ్ళ ఒన్ని ఆడ. మేనత్త కొమో, పిన్ని ఇమో. ఇంగ్లీషు ఆంటీ ఈ ఇద్దరినీ ఒకే పీట మీద కూర్చోబెడుతుంది. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవడం మనకెంత తప్పో వాళ్ళకూ అంతే. అత్తగారిని పేరుతో పిలిచే అలవాటున్న ఇంగ్లీషు కోడలు కొరియా ఇంట్లో నోరు తెరిచే ముందు ఎంత ఆలోచించుకోవాలో మనం ఊహించుకోగలం. పూటకూళ్ళ అంగట్లో వడ్డించే ఆమెను అక్కడ ఇమో అని పిలుస్తారు. మన ఆదోని అప్ప చేసే పనే అది.

ఇంత దగ్గరితనం చూసి కొందరు రెండు భాషలూ ఒక తల్లి బిడ్డలని కూడా అన్నారు. కొరియాలో పనిచేసిన అమెరికన్ హోమర్ హల్బర్ట్ 1905లో కొరియా భాషకూ ద్రావిడ భాషలకూ పోలికలు చూపుతూ ఏకంగా వ్యాకరణమే రాశాడు. 13వ శతాబ్దపు కొరియా గ్రంథం సంగుక్ యూసాలో ఆయుత దేశపు రాకుమారి ఓడ మీద వచ్చి కొరియాలోని గయ రాజ్యపు రాజు సూరోను పెళ్ళాడిన కథ ఉంది. ఆ ఆయుత మన దేశంలోనిదేనంటూ దాన్నీ ఈ వాదానికి సాక్ష్యంగా తెస్తుంటారు. నేటి భాషావేత్తలు ఈ చుట్టరికాన్ని ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సరి. చుట్టరికం తేలాలంటే ధ్వనులు ఒక క్రమంలో సరిపోవాలి. నాలుగు మాటలు ఒకేలా వినబడితే చాలదు. అందులోనూ అమ్మ, అప్ప లాంటి మాటలను సాక్ష్యానికి పిలవనే కూడదు. పెదవులు కలిపి విడిస్తే పుట్టే మ, ప, బ పసివాళ్ళు మొట్టమొదట నేర్చే హల్లులు. అట్లాంటి పసినోటి శబ్దాల నుంచే లోకంలో చాలాచోట్ల తల్లిదండ్రుల మాటలు పుట్టాయని రోమన్ యాకబ్సన్ 1960లో అచ్చయిన వ్యాసంలో వివరించాడు. జార్జియా దేశంలో మామా అంటే తండ్రి, దెదా అంటే తల్లి. శబ్దం పసినోటిది, అర్థం పెద్దలు అంటగట్టినది. మన అప్పచెల్లెళ్ళకైనా కొరియా అప్పాకైనా వర్తించే న్యాయం ఇదే.

శబ్దం యాదృచ్ఛికమైనా దానితో ఇల్లు చేసుకునే పని యాదృచ్ఛికం కాదు. కొరియా తండ్రి బిడ్డతో మాట్లాడేటప్పుడు ‘నేను’ అనడానికి బదులు తనను తాను అప్పా అనే చెప్పుకుంటాడు. ‘అప్పా చేసిపెడతాడు’ అంటాడు. బిడ్డ ఏ వైపు నుంచి చూస్తున్నదో ఆ వైపుకు తానే జరిగి నిలబడతాడు. మన దగ్గర ఇంకో వింత. తల్లి ముద్ద కలిపి కొడుకు నోటి దగ్గర పెట్టి ‘తినప్పా’ అంటుంది. తండ్రి కొడుకును ‘రా నాయనా’ అంటాడు, కూతుర్ని ‘ఏమమ్మా’ అంటాడు. బిడ్డ మనల్ని పిలవాల్సిన మాటతో మనమే బిడ్డను పిలుస్తాం. ఇంగ్లీషు తండ్రి కొడుకును డాడ్ అని పిలిస్తే అర్థమే ఉండదు. ఇటు మాత్రం పెద్దరికం ఒక మాటలో కూర్చుని పైకీ కిందికీ తిరుగుతుంది. ‘తినప్పా’ అని విన్న బిడ్డ అన్నంతో పాటు ఒక మర్యాద కూడా మింగుతాడు. తెలుగులో నేను అన్నిటికన్నా ఎక్కువ ప్రేమించేది ఈ తిరకాసునే.

ఇప్పుడు ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ గూడూరులోనూ పిల్లలు డాడీ అంటున్నారు. డాడీలో తప్పేమీ లేదు, అదీ పసినోటి మాటే. కానీ ‘తిను డాడీ’ అని కొడుకును పిలిచే తల్లి నాకు ఇంతవరకూ తగల్లేదు. మాట మారితే పోయేది తండ్రి పేరొక్కటే అనుకుంటాం, బిడ్డను పిలుచుకునే పద్ధతి కూడా దాని వెంటే పోతుంది. టొరంటోలో ఇంగ్లీషు మాట్లాడే కొరియా పిల్లలు అప్పాను వదల్లేదు. బళ్ళారి, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్ అని సరిహద్దులు ఎన్నిసార్లు మారినా వదలని మన అప్పను ఇంగ్లీషు మీడియం బడి గేటు దగ్గర దించేసి రావడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాల్లో వ్యవసాయ పదాలు 1962లోనూ చేనేత పదాలు 1971లోనూ వచ్చాయి. ఊరూరా తిరిగి మగ్గం మీద ప్రతి పుల్లకూ ప్రతి దారానికీ పేరు రాసుకున్నారు. మగ్గం నేసే మనిషిని ఇంట్లో ఎవరేమని పిలుస్తారో కూడా అట్లాగే రాసుకోవాలి. అవ్వలూ తాతలూ ఉన్నప్పుడే అడిగి రాసిపెట్టండి: మీ ఇంట్లో అప్ప అంటే ఎవరు, ఎవరు ఎవర్ని అట్లా పిలిచేవాళ్ళు, ఏ ఊరు, ఏ యేడు.