వృత్తి ఆరోగ్య నర్సుల సంఘాలు (హోసూరు–కృష్ణగిరి)

ఫ్యాక్టరీల్లో, గనుల్లో పనిచేసే నర్సులు తమ వృత్తిజ్ఞానాన్ని పంచుకోవడానికి ఏర్పరచుకునే కూటములు ఇవి. ఈ వృత్తిలో తొలి వ్యక్తి ఎవరన్నది వివాదాస్పదం. బ్రిటిష్ రచయితలు 1878లో నార్విచ్‌లోని కోల్‌మన్ ఆవపిండి కంపెనీలో చేరిన ఫిలిప్పా ఫ్లవర్‌డేను చెబుతారు. అమెరికన్లు కొందరు 1888 నాటి పెన్సిల్వేనియా బొగ్గు గనుల నర్సు బెటీ మౌల్డర్‌ను, కొందరు 1895లో వెర్మాంట్ మార్బుల్ కంపెనీ నియమించిన ఏడా మేయో స్టువర్ట్‌ను ముందు నిలబెడతారు. మౌల్డర్ గురించి పేరు, సంవత్సరం మించి దొరికేది తక్కువ. కాలక్రమాన్ని బట్టి ఫ్లవర్‌డే వైపే మొగ్గాలి. ఇద్దరూ, అంటే ఫ్లవర్‌డే, స్టువర్ట్, కార్మికుల ఇళ్లకూ వెళ్లినవారే. ఈ పని మొదటినుంచీ కంపెనీ గేటు లోపల ఆగేది కాదనడానికి అదే ఆధారం. అమెరికాలో ఈ నర్సుల జాతీయ సంఘం 1942లో ఏర్పడింది. భారతదేశంలో 1948 నాటి ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఆక్యుపేషనల్ హెల్త్ ప్రధానంగా డాక్టర్ల వేదిక. 1908 నాటి ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ నర్సులందరిదీ.

తమిళనాడులోని హోసూరు లాంటి చోట ఈ రెంటి మధ్య ఖాళీ ఎక్కువగా తెలుస్తుంది. 1970లలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ ఇక్కడ వేళ్లూనుకున్నాయి. వాటి చుట్టూ విడిభాగాల చిన్న యూనిట్లు పెరిగాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ 500 మందికి మించిన చోటే అంబులెన్స్ రూమ్ పెట్టమంది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా ఆ అంకెనే నిలబెట్టింది. చట్టం లెక్క ఒక్కో ఫ్యాక్టరీకి. కాంట్రాక్టు కార్మికుడు మాత్రం ఈ ఏడు ప్రెస్ షాపులో, మరుసటి ఏడు ఫౌండ్రీలో ఉంటాడు. ఆడియోమెట్రీలో 4,000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి దిగితే అది మోత వల్ల మొదలైన చెవుడని నర్సు అనుమానించాలి. కానీ ఆ మోత ఏ షెడ్డులో పడిందో తన ఆక్యుపేషనల్ హెల్త్ సెంటర్ (ఓహెచ్‌సీ) రిజిస్టరు చెప్పదు. పాత యజమాని దగ్గరి నర్సు చెప్పగలదు. నర్సులను కలిపే వేదిక అవసరమనడానికి నాకు బలంగా కనిపించే కారణం ఇదే. కృష్ణగిరి వైపు గ్రానైటు పనికీ ఇదే వర్తిస్తుంది: సిలికోసిస్ సాధారణంగా దుమ్ము పీల్చిన ఏళ్లకు గానీ బయటపడదు, అప్పటికి క్వారీ మారిపోయి ఉంటుంది.

కార్మిక రాజ్య బీమా (ఈఎస్‌ఐ) ఉండగా ఈ వేదిక ఎందుకన్న అభ్యంతరం ఉంది. ఈఎస్‌ఐ జబ్బుపడ్డవాడికి వైద్యం, నష్టపరిహారం ఇస్తుంది. అతను నిలబడ్డ మెషీన్ దానికి కనిపించదు. వృత్తివ్యాధిని అధికారులకు తెలపాల్సింది మేనేజరు, డాక్టరు కదా అన్నది మరో వాదన. 1948 చట్టం 89వ సెక్షన్ చెప్పిందీ అదే. అయితే ఫ్యాక్టరీలో ఒకే విభాగం నుంచి ఒకే వారంలో ముగ్గురు చేతుల దురదకు మందు అడిగారని, కూలెంటు మార్చాకే అది మొదలైందని ముందు గమనించేది రిజిస్టరు రాసే మనిషి. రోగి గోప్యత, కంపెనీ రహస్యాల అభ్యంతరం వీటికన్నా బరువైనది. పేర్లు తీసేసి పని, పదార్థం, లక్షణం మాత్రమే పంచుకుంటే దానిలో చాలాభాగం తీరుతుంది. రెండే యూనిట్లు చేసే అరుదైన పని విషయంలో మాత్రం పూర్తిగా తీరదు.

ఇలాంటి వేదికకూ అందనివారున్నారు: హోసూరు గులాబీ పాలీహౌసుల్లో పురుగుమందు కొట్టేవారు సాధారణంగా ఫ్యాక్టరీ నిర్వచనంలోకే రారు. వాళ్లకు అంబులెన్స్ రూమూ లేదు, రిజిస్టరూ లేదు.