కంప్యూటర్ మార్చేటప్పుడు ఈమెయిళ్లను పదిలపరచుకోవడం ఎలా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత కంప్యూటర్‌ను పక్కనబెట్టి కొత్తది కొనవలసిన పరిస్థితి ఎన్నో కార్యాలయాలకు, ఆడిటర్లకు, న్యాయవాదులకు, చిన్న వ్యాపారులకు దీనితో ఎదురైంది. పత్రాలు, ఫొటోలు, లెక్కల ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం అందరికీ అలవాటే. మరచిపోయేది ఈమెయిల్‌ను. మెయిల్ ఇంటర్నెట్‌లో ఎక్కడో భద్రంగా ఉంటుందన్న నమ్మకమే ఇందుకు కారణం. బ్రౌజర్‌లో మాత్రమే మెయిల్ చూసుకునేవారి విషయంలో ఆ నమ్మకం చాలా వరకు నిజమే. ఔట్‌లుక్, థండర్‌బర్డ్ వంటి డెస్క్‌టాప్ ప్రోగ్రాములు వాడేవారి విషయంలో అన్ని వేళలా నిజం కాదు. పాత యంత్రాన్ని తుక్కుకు ఇచ్చిన తరువాత ఈ సంగతి తెలిస్తే చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

అసలు ప్రతి ఎక్కడ ఉంది?

నకలు తీయడానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇదొక్కటే. మెయిల్ ఖాతాను ప్రోగ్రాముకు అనుసంధానించే పద్ధతులు ప్రధానంగా రెండు. ఐమ్యాప్ పద్ధతిలో మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, కంప్యూటర్‌లో కనిపించేది దాని నకలు. పాప్ పద్ధతిలో ప్రోగ్రాము సర్వర్ నుంచి మెయిల్‌ను దించుకుంటుంది. సర్వర్‌లో ప్రతిని ఉంచాలన్న సెట్టింగ్ లేకపోతే, లేదా కొన్ని రోజుల తరువాత తొలగించాలని అందులో ఉంటే, ఆ మెయిల్ ఇక ఈ ఒక్క కంప్యూటర్‌లోనే మిగులుతుంది. ఏళ్ల క్రితం సొంత డొమైన్ పేరుతో ఖాతాలు తెరిచిన చిన్న సంస్థలలో పాప్ ఇప్పటికీ కనిపిస్తుంది. సర్వర్‌లో కేటాయించిన చోటు తక్కువ కావడంతో అప్పట్లో అలా అమర్చుకునేవారు.

ఐమ్యాప్ వాడుతున్నవారు కూడా నిశ్చింతగా ఉండడానికి లేదు. థండర్‌బర్డ్‌లో ‘లోకల్ ఫోల్డర్స్’లోకి జరిపిన లేఖలు సర్వర్‌లో ఉండవు. ఔట్‌లుక్‌లో ఆటోఆర్కైవ్ సదుపాయం పనిచేస్తుంటే పాత మెయిళ్లు వేరే ఆర్కైవ్ ఫైల్‌లోకి వెళ్లిపోయి ఉంటాయి, ఆ ఫైల్ కంప్యూటర్‌లోనే ఉంటుంది.

దీన్ని పరీక్షించడానికి సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు. ప్రోగ్రాములో మూడు నాలుగేళ్ల కిందటి మెయిల్ ఒకటి ఎంచుకుని, అదే ఖాతాను బ్రౌజర్‌లో తెరిచి దాని కోసం వెతకాలి. కనిపించకపోతే అసలు ప్రతి మీ కంప్యూటర్‌లోనే ఉన్నట్లు భావించాలి. ఇన్‌బాక్స్‌తో పాటు పంపిన మెయిళ్లను, మీరు సృష్టించుకున్న ఫోల్డర్లను కూడా ఇలాగే చూడడం మంచిది. పాప్ ఖాతాలో పంపిన మెయిళ్లు సాధారణంగా ప్రోగ్రాములోనే నిలిచిపోతాయి.

అన్నీ సర్వర్‌లో ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్లు కాదు. ఐమ్యాప్ పద్ధతిలో ఒకచోట చెరిపేసిన లేఖ అన్నిచోట్లా మాయమవుతుంది. డొమైన్ గడువు తీరిపోయినా, సంస్థ ఖాతాను మూసివేసినా ఇదే పరిస్థితి.

ఔట్‌లుక్ వాడేవారికి

క్లాసిక్ ఔట్‌లుక్ రెండు రకాల ఫైళ్లను వాడుతుంది. పీఎస్‌టీ ఫైల్ స్వతంత్రమైనది. దాన్ని నకలు తీసి మరో కంప్యూటర్‌లో తెరవవచ్చు. ఓఎస్‌టీ ఫైల్ సర్వర్‌లోని మెయిల్‌కు ప్రతిబింబం. అది తనను సృష్టించిన ఖాతాకు, ప్రొఫైల్‌కు ముడిపడి ఉంటుంది కనుక మోసుకెళ్లినా కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోదు. ఖాతా సజీవంగా ఉంటే కొత్త యంత్రంలో దాన్ని చేర్చగానే ఓఎస్‌టీ మళ్లీ తయారవుతుంది. ఖాతా మూతపడి, మెయిళ్లు ఓఎస్‌టీలో మాత్రమే మిగిలి ఉంటే, పాత కంప్యూటర్‌లో ఔట్‌లుక్ తెరుచుకుంటున్నప్పుడే వాటిని పీఎస్‌టీగా ఎగుమతి చేసుకోవాలి. ఈ పనిని వాయిదా వేయకూడదు. ఇందుకు ఫైల్ మెనూలో ‘ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్’, ఆ తరువాత ‘ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్’ ఎంచుకోవాలి.

ఫైళ్లు ఎక్కడున్నాయో అకౌంట్ సెట్టింగ్స్‌లోని ‘డేటా ఫైల్స్’ భాగం చూపుతుంది. 2010 నుంచి వచ్చిన ఔట్‌లుక్‌లలో పీఎస్‌టీ సాధారణంగా డాక్యుమెంట్స్‌లోని ‘ఔట్‌లుక్ ఫైల్స్’ ఫోల్డర్‌లో ఉంటుంది. అంతకు ముందు వాటిలో ‘యాప్‌డేటా’ అనే దాపు ఫోల్డర్ లోపల ఉండేది. ఔట్‌లుక్‌ను పూర్తిగా మూసిన తరువాతే నకలు తీయాలి, తెరిచి ఉన్నంత సేపు ఆ ఫైల్ దాని అధీనంలో ఉంటుంది. కొత్త యంత్రంలో పీఎస్‌టీని మొదట హార్డ్ డిస్క్‌లోకి చేర్చి, అక్కడి నుంచి తెరవాలి. పెన్‌డ్రైవ్ నుంచో, నెట్‌వర్క్‌లోని ఉమ్మడి ఫోల్డర్ నుంచో నేరుగా తెరిచి వాడితే ఫైల్ చెడిపోయే ప్రమాదం ఉంది. పాస్‌వర్డ్‌లు దానితో రావు. సంతకాలు కూడా వేరే ఫోల్డర్‌లో ఉంటాయి కనుక విడిగా తెచ్చుకోవాలి.

2003కు ముందటి ఔట్‌లుక్‌లో తయారైన పీఎస్‌టీలకు 2 జీబీ పరిమితి ఉండేది. ఇరవై ఏళ్లుగా అదే ఫైల్‌ను వాడుతున్నవారు దాని పరిమాణాన్ని ఒకసారి చూసుకోవాలి. పరిమితికి చేరువైతే అది తెరుచుకోకుండా పోవచ్చు.

థండర్‌బర్డ్ వాడేవారికి

ఇక్కడ పని తేలిక, అయితే మరచిపోవడం ఇంకా తేలిక. మెయిళ్లు, చిరునామాలు, సెట్టింగ్‌లు, పాస్‌వర్డ్‌లు అన్నీ ‘ప్రొఫైల్’ అనే ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. విండోస్‌లో ఆ ఫోల్డర్ యాప్‌డేటా లోపల ఉంటుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ మాత్రమే నకలు తీసుకున్నవారికి ఇది చేతికి రాదు. హెల్ప్ మెనూలోని ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ పేజీ నుంచి దీన్ని నేరుగా తెరవవచ్చు. థండర్‌బర్డ్‌ను మూసివేసి, యాప్‌డేటాలోని ‘రోమింగ్’లో ఉన్న థండర్‌బర్డ్ ఫోల్డర్‌ను మొత్తంగా నకలు తీసి, కొత్త కంప్యూటర్‌లో అదే స్థానంలో ఉంచితే చాలు. కొత్త యంత్రంలోని థండర్‌బర్డ్ పాతదానితో సమానమైన వెర్షన్ గానీ, అంతకంటే కొత్తది గానీ కావాలి. 2022లో విడుదలైన 102వ వెర్షన్ నుంచి టూల్స్ మెనూలోనే ఎగుమతి సదుపాయం ఉన్నా, 2 జీబీ దాటిన ప్రొఫైళ్లకు ఫోల్డర్ నకలే మార్గం.

ప్రతి మెయిల్ ఫోల్డర్‌నూ థండర్‌బర్డ్ సాధారణంగా ఎంబాక్స్ రూపంలోని ఒకే ఫైల్‌గా దాస్తుంది. చెరిపేసిన లేఖలు ‘కంపాక్ట్’ చేసేవరకు ఆ ఫైల్‌లోనే ఉంటాయి. నకలుకు ముందు కంపాక్ట్ చేస్తే పరిమాణం తగ్గుతుంది. పొరపాటున చెరిపిన లేఖ తిరిగి కావాలనుకుంటే మాత్రం దాని జోలికి పోరాదు. మరో జాగ్రత్త కూడా అవసరం. ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే, ఆ ఫోల్డర్ దొరికినవారికి మీ ఖాతాల పాస్‌వర్డ్‌లు కూడా దొరికినట్లే.

నకలు ఎందులోకి?

చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి. వాటిలో 4 జీబీకి చేరిన ఫైల్ పట్టదు. డ్రైవ్‌లో 50 జీబీ ఖాళీ ఉన్నా ఒక పెద్ద పీఎస్‌టీ ఎక్కకపోవడానికి కారణం ఇదే. ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్ కావాలి. ఫార్మాట్ చేస్తే అందులో అంతకుముందు ఉన్నవన్నీ పోతాయి. రెండు ప్రతులు తీసి, ఒకటి వేరే చోట ఉంచడం మేలు. ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించే ఉంచిన డ్రైవ్‌ను ర్యాన్సమ్‌వేర్ కూడా వదలదు.

తీసిన నకలును కొత్త కంప్యూటర్‌లో తెరిచి, ఫోల్డర్లలోని మెయిళ్ల సంఖ్యను పాతదానితో పోల్చాలి. పాత లేఖ ఒకటి వెతికి, దాని అటాచ్‌మెంట్ తెరుచుకుంటుందో లేదో చూడాలి.

వ్యాపారులకు ఇది చట్టంతోనూ ముడిపడిన విషయం. కేంద్ర జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కలు, రికార్డులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. అప్పీలు వంటివి నడుస్తుంటే అంతకంటే ఎక్కువ కాలం పట్టవచ్చు. ఇన్‌వాయిస్‌లు, ఆర్డర్లు మెయిల్ అటాచ్‌మెంట్‌లుగా వచ్చే సంస్థలకు ఆ మెయిల్ పెట్టే రికార్డుల బీరువా. వివాదం కోర్టుకు వెళితే 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ వర్తిస్తుంది. ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సమర్పించవలసిన ధ్రువపత్రంలో దాని హ్యాష్ విలువను కూడా పేర్కొనాలి. మెయిల్ ఏ సర్వర్ల మీదుగా, ఏ సమయంలో వచ్చిందో తెలిపే హెడర్ మూల ఫైల్‌లో ఉంటుంది. కాగితంపై ముద్రించుకున్న మామూలు ప్రతిలో అది కనిపించదు.

ఈ సరిచూత అంతా పూర్తయ్యేవరకు పాత కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయకూడదు. కొన్ని వారాలు కొత్తదానితో పనిచేసి, కావలసిన పాత లేఖలన్నీ దొరుకుతున్నాయని తేలిన తరువాతే దాని డిస్క్‌ను శుభ్రంగా చెరిపి ఇతరులకు ఇవ్వవచ్చు.