విత్తనపు కాయ కథ

వేరుశనగ విత్తనం సమకూర్చడం ఎంత కష్టమో వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మన సభ్యులకు చెప్పనక్కరలేదు. మిగతావారి కోసం ఈ నాలుగు మాటలు.

ఎకరం జొన్నకు 3, 4 కిలోల గింజలు చాలు. వేరుశనగకు 50 కిలోలకు పైగా పప్పు కావాలి. మెట్టపొలంలో ఎకరం పంటనంతా విత్తనానికే ఉంచినా, ఐదారు ఎకరాలకు వస్తే గొప్ప. పైగా వలిచిన పప్పుకు మొలకశక్తి త్వరగా తగ్గుతుంది. అందుకే పెద్దలు కాయలుగానే దాచి, విత్తేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని వలిచేవారు. కరువు వస్తే ఆ దాచిన కాయా అమ్ముడుపోయేది. మరుసటి ఏడు సబ్సిడీ కాయల కోసం క్యూలో నిలబడటమే!

1940లో తిండివనం నుంచి వచ్చిన టి.ఎం.వి-2 రకాన్ని అనంతపురం రైతు అర్ధశతాబ్దం దాటినా వదల్లేదు. కొత్త రకాలు లేక కాదు, అవి ఊరిదాకా రాక. 1963లో జాతీయ విత్తన సంస్థ, 1966లో విత్తనాల చట్టం, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, 1976లో రాష్ట్ర విత్తనాభివృద్ధి సంస్థ వచ్చాయి. సంస్థలకు కొదవ లేదు. ప్రైవేటు కంపెనీలు మాత్రం ఇటు పెద్దగా చూడలేదు. హైబ్రిడ్ కాదు గనుక ఒకసారి కొన్న రైతు తన పంటనే మళ్ళీ విత్తుకుంటాడు. బస్తాల రవాణా ఖర్చు సరేసరి. వారిని తప్పుపట్టలేం. రబీలో బోరు కింద విత్తనం పండించే రైతుకే ఫౌండేషన్ విత్తనం వేళకు అందించి ఉండాల్సిందని నా అభిప్రాయం.

2005లో విడుదలైన కదిరి-6తో ఆ పాత రకం వెనకబడింది. శనగది మరో దారి. గింజ నిలవకు ఓర్చుకుంటుంది, ఎకరానికి అంత బరువూ పట్టదు. 1999లో వచ్చిన జె.జి-11 ప్రకాశం, కర్నూలు నల్లరేగళ్ళలో పొరుగు రైతు ఇచ్చిన గింజతోనే చాలావరకు పాకిపోయింది.