ట్రయంఫ్ బోనవిల్ టి120: ఇంటి వద్ద పునరుద్ధరణ

ఇంగ్లండులోని మెరిడెన్ కర్మాగారం 1959 మోడల్‌గా విడుదల చేసిన 649 సీసీ జంట సిలిండర్ల మోటార్‌సైకిల్. 1963 మోడల్‌తో ఇంజన్, గేర్‌బాక్సు ఒకే కూర్పులోకి వచ్చాయి.

ఈ బండిని ఇంట్లో విప్పేవారికి ముందుగా పాత బ్రిటిష్ కొలతల విట్‌వర్త్ పానాలు కావాలి. మిల్లీమీటరు పానాలు సరిగ్గా పట్టక నట్ల అంచులను అరగదీస్తాయి. 1960ల చివర్లో యూనిఫైడ్ మరలు రావడంతో ఒకే బండిలో రెండు రకాలూ కనిపిస్తాయి.

అసలు పని క్రాంక్‌షాఫ్ట్‌లో ఉంది. ఈ ఇంజన్‌కు కాగితపు ఆయిల్ ఫిల్టర్ లేదు, జాలీలే దిక్కు. అందుకే షాఫ్ట్ లోపల ఒక గొట్టం అమర్చారు. తిరిగే వేగానికి ఆయిల్‌లోని మడ్డి విసురుగా వెళ్లి అందులో పేరుకుంటుంది. అది పూడుకుపోతే బిగ్‌ఎండ్ బేరింగులకు ఆయిల్ అందదు. శుభ్రం చేయాలంటే క్రాంక్‌కేసును రెండుగా విడదీయక తప్పదు. ఆ గొట్టం కొసనున్న మూత మర కదలకుండా పంచ్‌తో కొట్టి ఉంటుంది. ఆ గంటును డ్రిల్లుతో తొలిచి, వేడిచేసి విప్పాలి. పెయింటుకు, క్రోమ్ పూతకు ఖర్చుపెట్టి దీన్ని వదిలేస్తే ఆ పునరుద్ధరణకు అర్థం లేదు.

లూకాస్ వైరింగ్‌లో బ్యాటరీ ప్లస్ కొస చట్రానికి కలుస్తుంది. నేటి బండ్ల అలవాటుతో తిరగేసి కలిపితే రెక్టిఫయర్ కాలిపోవచ్చు.