కొలువు పోయే ముందు ఒక మాట

దొరతనం వారికి ఇష్టమున్నన్నాళ్లే కొలువు. బ్రిటిష్ పాలనలో సర్కారు ఉద్యోగికి చట్టం చెప్పిన మాట ఇదే. 1919 భారత ప్రభుత్వ చట్టం ఈ సూత్రాన్ని రాసిపెడుతూనే, నియమించిన అధికారి కన్నా కిందివారెవరూ ఉద్యోగిని డిస్మిస్ చేయరాదని ఒక షరతు పెట్టింది.

ఆ షరతుకు విలువెంతో 1930ల్లో మద్రాసు నుంచి లండన్‌దాకా వెళ్లిన రెండు కేసులు తేల్చాయి. ప్రభుత్వ ముద్రణాలయంలో రీడరుగా ఉన్న వెంకటరావును నిబంధనల ప్రకారం విచారించకుండానే తీసేశారు. ఆ లోపాన్ని ప్రివీ కౌన్సిల్ కాదనలేదు. అయినా నిబంధన తప్పారని కోర్టుకెక్కే హక్కు లేదు, పై అధికారులకే మొరపెట్టుకోవాలంది. సబ్-ఇన్‌స్పెక్టర్ రంగాచారి విషయంలో మాత్రం కింది అధికారి ఇచ్చిన ఉత్తర్వు చెల్లదంది. వెంకటరావు పట్టుకున్నది శాఖ నిబంధనను. రంగాచారిని కాపాడింది సాక్షాత్తూ చట్టం.

1935 చట్టం సంజాయిషీ చెప్పుకునే అవకాశాన్ని కూడా చట్టంలోకి ఎక్కించింది. 1950లో రాజ్యాంగం 310వ అధికరణలో పాత సూత్రాన్ని అలాగే ఉంచి, ఆ రెండు రక్షణలూ ఉన్న 311తో దానికి కళ్లెం వేసింది. 1958లో ఖేమ్‌చంద్ కేసులో సుప్రీంకోర్టు ఆ సంజాయిషీ అవకాశాన్ని విడమరిచింది: అభియోగమేమిటో చెప్పాలి, సాక్షులను ఎదురు ప్రశ్నించనివ్వాలి, వేయబోయే శిక్ష మీదా వాదన వినాలి.

ఈ చివరిదాన్ని 1976లో 42వ సవరణ తీసేసింది. పైగా, విచారణ ఆచరణసాధ్యం కాదనుకుంటే కారణాలు రాసిపెట్టి, విచారణే లేకుండా తొలగించే వీలు 311లోనే ఉంది. 1985లో తులసీరామ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

మలుపు హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ కేసుతో వచ్చింది. అంతకుముందు చాలాచోట్ల విచారణాధికారి నివేదిక ఉద్యోగి కంటపడేదే కాదు. శిక్ష ఉత్తర్వు వచ్చాకే నివేదికలో ఏముందో తెలిసేది. నిర్ణయానికి ముందే నివేదిక ప్రతి ఇవ్వాలని 1993లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఇవ్వనంతమాత్రాన కొలువు తిరిగిరాదు, దానివల్ల తనకు నష్టం జరిగిందని ఉద్యోగి చూపాలనీ చెప్పింది.

శాఖాపరమైన విచారణపై హైకోర్టు అప్పీలు కోర్టు కాదని 1963లోనే ఆంధ్రప్రదేశ్‌కు చెందిన శ్రీరామారావు కేసులో తేలిపోయింది. అంటే కోర్టు ప్రధానంగా చూసేది పద్ధతినే. ఇన్నేళ్లలో ఉద్యోగికి దక్కింది కొలువు మీద హక్కు కాదు, పద్ధతి మీద హక్కు. అందుకే డిస్మిస్ కేసు చేతికొస్తే లాయరు ముందుగా చూసేవి మూడు: ఉత్తర్వు మీద సంతకం ఎవరిది, సాక్షులను అడగనిచ్చారా, నివేదిక ఎప్పుడు అందింది.