స్టేషన్ల లిస్ట్‌లో చొరబడ్డ అంకె

విజయనగరం నుంచి పలాస వెళ్లే లైన్లో స్టేషన్ల పేర్లన్నీ ఒక లిస్ట్‌లో పెడుతున్నారనుకోండి: నెల్లిమర్ల, చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్, కోటబొమ్మాళి, నౌపడ. మధ్యలో ఎవరి చెయ్యో జారి, పేరుకు బదులు ఒక పిన్‌కోడ్ అంకె పడింది. 1996లో వచ్చిన తొలి జావా ప్రోగ్రామింగ్ భాష దీనికేమీ అడ్డు చెప్పేది కాదు. దాని దృష్టిలో లిస్ట్‌లో ఉన్నవన్నీ ‘ఆబ్జెక్ట్’లే. పేరైనా, అంకెను మోసే ఇంటీజర్ అయినా ఒకటే.

చిక్కంతా బయటికి తీసేటప్పుడే. ‘ఇది స్ట్రింగే’ అని ప్రోగ్రామర్ కాస్టింగ్ రాసి హామీ ఇవ్వాలి. ప్రోగ్రాం నడవకముందే దాన్ని తనిఖీ చేసే కంపైలర్ ఆ మాట నమ్మేస్తుంది. ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ ఆ అంకె దగ్గరకు రాగానే క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ అంటూ ఆగిపోతుంది. తప్పు జరిగింది అంకె పెట్టిన చోట, కూలింది తీసిన చోట. రెండు ఫైళ్లూ ఇద్దరు వేర్వేరు మనుషులు రాసినవైతే, వెతుక్కోవడానికి రోజులు పట్టేవి.

దీనికి మందు అప్పటికే ఉంది. 1970ల్లోనే ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ బృందం చేసిన ఎంఎల్ భాషలోనూ, ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం చేసిన క్లూలోనూ ‘ఏ రకం వాటి లిస్ట్’ అన్నది ముందే చెప్పే వీలుండేది. జావాలోనే దానికి చోటు దక్కలేదు.

ఆ లోటు పూడ్చడానికి నడుం కట్టింది జావాను తయారుచేసిన సన్ కంపెనీకి బయటివాళ్లే. మార్టిన్ ఒడెర్‌స్కీ, ఫిలిప్ వాడ్లర్ ఇద్దరూ ఫంక్షనల్ భాషల పండితులు. జావా మీద ‘పిజ్జా’ అనే భాష కట్టి 1997లో పరిశోధనా పత్రం వెలువరించారు. అందులో కొత్త సంగతులు చాలానే ఉన్నాయి. సన్‌లో పనిచేస్తున్న గిలాద్ బ్రాచా, డేవిడ్ స్టౌటమైర్‌లకు మాత్రం నచ్చింది ఒక్కటి: జెనరిక్స్, అంటే ఏ రకం వాటి లిస్టో ముందే చెప్పే ఆ వీలు. నలుగురూ కలిసి 1998లో ‘జీజే’ తెచ్చారు.

నా లెక్కన ఈ కథలో అసలు ప్రతిభ ఇక్కడే ఉంది. అప్పటికే లోకమంతా జావా ప్రోగ్రాములు నడుస్తున్నాయి. వాటిలో ఒక్కటీ ఆగకూడదు. వాళ్లు ఎంచుకున్న దారి ‘ఎరేజర్’. ‘స్ట్రింగ్‌ల లిస్ట్’ అని మీరు రాస్తే, అందులో అంకె పెట్టబోయిన వరుస దగ్గరే కంపైలర్ పట్టుకుంటుంది. తనిఖీ ముగిశాక ఆ రకం పేరు చెరిపేసి, కావలసిన కాస్టింగ్ తనే రాసుకుంటుంది. ప్రోగ్రాంను నడిపే వర్చువల్ మెషిన్‌కు చేరేది మళ్లీ పాత ఆబ్జెక్ట్‌ల లిస్టే. కాబట్టి పాత కోడూ కొత్త కోడూ ఒకే చోట నడుస్తాయి.

ఒడెర్‌స్కీ రాసిన జీజే కంపైలరే జావా 1.3 నుంచి అధికారిక కంపైలర్‌కు పునాది అయింది. జెనరిక్స్ మాత్రం 2004 సెప్టెంబర్ 30న జావా 5తోగానీ అందరి చేతికీ రాలేదు. ఆలస్యానికి తగ్గ చిక్కులూ ఉన్నాయి. ప్యాసింజర్ రైలు కూడా రైలే కదా, మరి ప్యాసింజర్ రైళ్ల లిస్ట్‌ను రైళ్ల లిస్ట్‌గా వాడుకోనివ్వవచ్చా? ఇస్తే ఎవరో అందులోకి గూడ్సు బండిని తోస్తారు. అందుకే కుదరదన్నారు. చదవడానికే ఆ లిస్ట్ కావాలనుకునేవారి కోసం ప్రశ్నార్థకం గుర్తుతో ‘వైల్డ్‌కార్డ్’ పెట్టారు.

మైక్రోసాఫ్ట్ కేంబ్రిడ్జ్ పరిశోధకులు డాన్ సైమ్, ఆండ్రూ కెనడీ మరో దారి పట్టారు. డాట్‌నెట్ రన్‌టైమ్‌నే మార్చి, నడిచేటప్పుడు కూడా రకం గుర్తుండేలా చేశారు. 2005లో సీ షార్ప్ 2.0తో అది వచ్చింది.

జావాలో చెరిపివేతకు మూల్యం ఇప్పటికీ ఉంది. రకం చెప్పకుండా రాసిన ‘రా’ లిస్ట్ ద్వారా ఆ పిన్‌కోడ్ ఈనాటికీ లోపలికి దూరగలదు. కంపైలర్ చేయగలిగింది ‘అన్‌చెక్డ్’ అని హెచ్చరించడమే. రాజాంలో, టెక్కలిలో, చింతలవలసలో జావా నేర్చుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ హెచ్చరిక కనిపించగానే సప్రెస్ వార్నింగ్స్ రాసి నోరు నొక్కేయకండి. తీసే చోట ఇంకో కాస్టింగ్ అతికించకండి. లిస్ట్‌ను ప్రకటించిన వరుసకు వెళ్లి, దాని రకం రాయండి.