వరంగల్లులో విదేశీ విద్యార్థులు

వరంగల్లు, హనుమకొండ, కాజీపేట అనే మూడు ఊళ్ళు కలిసిపోయి ఏర్పడిన నగరం తెలంగాణలో ఒక ముఖ్య విద్యాకేంద్రం. ఇక్కడి విద్యాసంస్థలలో చదువుకొనడానికి ఇతర దేశాల నుండి వచ్చేవారిని రెండు రకాలుగా చెప్పవచ్చు. పూర్తి పట్టా కొరకు వచ్చేవారు మొదటి రకం. స్వదేశంలోని విశ్వవిద్యాలయంలో తమ ప్రవేశాన్ని కొనసాగిస్తూనే ఒకటి రెండు సెమిస్టర్లు మాత్రం ఇక్కడ చదివి వెళ్ళేవారు రెండవ రకం. వీరిని మార్పిడి విద్యార్థులు లేదా ఎక్స్ఛేంజి విద్యార్థులు అంటారు. పట్టా విద్యార్థికి కొత్త ఊరికి అలవాటు పడడానికి మూడు నాలుగేళ్ళ వ్యవధి ఉంటుంది. మార్పిడి విద్యార్థి చేతిలో ఉండేవి నాలుగైదు నెలలే. అందువలన అతని చదువు ఫలితం చాలావరకు మొదటి కొద్ది వారాలపై ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

దేశంలోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలలో మొదటిదానికి 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ వరంగల్లులో శంకుస్థాపన చేశాడు. ఇది 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ (నిట్)గా మారినది. హైదరాబాదు - వరంగల్లు రహదారిపై కాజీపేట, హనుమకొండల మధ్య దీని ప్రాంగణం ఉన్నది. నిట్‌లలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి, మిగిలిన సగం ఇతర రాష్ట్రాల వారికి కేటాయిస్తారు. అందువలన విదేశీ విద్యార్థికి తోడుగా, తెలుగు రాని భారతీయ విద్యార్థులు కూడా ఇక్కడ పెద్ద సంఖ్యలోనే ఉంటారు. నగరంలోని మరొక పెద్ద సంస్థ కాకతీయ విశ్వవిద్యాలయం. ఉస్మానియా విశ్వవిద్యాలయపు పోస్టుగ్రాడ్యుయేటు కేంద్రంగా ఉన్న ఈ సంస్థ 1976లో ప్రత్యేక విశ్వవిద్యాలయంగా ఏర్పడినది.

రాష్ట్రంలో స్వల్పకాల విదేశీ విద్యార్థుల కొరకు ప్రత్యేకంగా నడిచిన కార్యక్రమాలలో హైదరాబాదు విశ్వవిద్యాలయం 1998లో ప్రారంభించిన 'స్టడీ ఇన్ ఇండియా ప్రోగ్రాం' చెప్పుకోదగినది. ఇదే పేరుతో కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రారంభించిన పథకం దీనికి సంబంధం లేని వేరొకటి.

ప్రవేశ మార్గాలు

విదేశీ విద్యార్థులు ముఖ్యంగా మూడు మార్గాలలో వస్తారు.

* భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలి (ఐసీసీఆర్) ఉపకార వేతనాలు: మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1950లో స్థాపించిన ఈ మండలి వివిధ దేశాల విద్యార్థులకు భారతీయ విశ్వవిద్యాలయాలలో చదువుకొనడానికి సహాయం చేస్తుంది.
* డాసా పథకం: 2001-02లో మొదలైనది. దీని ద్వారా విదేశీయులు, ప్రవాస భారతీయుల పిల్లలు నిట్‌ల వంటి సంస్థలలో అదనపు సీట్లలో చేరుతారు. గల్ఫ్ దేశాలలో పనిచేసే భారతీయుల పిల్లలకు ఇందులో ప్రత్యేక కోటా కలదు. గల్ఫ్‌లో పెరిగిన తెలుగు పిల్లలలో కొందరికి ఇంట్లో మాట్లాడే తెలుగు వచ్చినా చదవడం, రాయడం రాకపోవచ్చు. వారికి సొంత ప్రాంతమే కొత్త ఊరవుతుంది.
* సంస్థల మధ్య ఒప్పందాలు: మార్పిడి విద్యార్థులు వచ్చేది ఈ మార్గంలో. సాధారణంగా విద్యార్థి బోధన రుసుమును తన సొంత విశ్వవిద్యాలయానికే చెల్లిస్తాడు. ప్రయాణం, వసతి, భోజనం ఖర్చులు అతనివే.

బయలుదేరే ముందు

మార్పిడి విద్యార్థి ముందుగా తేల్చుకొనవలసినది క్రెడిట్ల సంగతి. భారతదేశంలో వారానికి ఒక గంట చొప్పున సెమిస్టరంతా సాగే ఉపన్యాసాన్ని సాధారణంగా ఒక క్రెడిట్‌గా లెక్కిస్తారు. ఐరోపాలోని ఈసీటీఎస్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 25 నుండి 30 గంటల మొత్తం శ్రమ. అక్కడ ఒక సెమిస్టరుకు 30 క్రెడిట్లు ఉంటాయి. రెండు లెక్కలు నేరుగా సరిపోవు. ఏ పాఠ్యాంశానికి ఎన్ని క్రెడిట్లు ఇస్తారో సొంత విశ్వవిద్యాలయం నుండి ముందే రాతపూర్వకంగా తీసుకొనకపోతే, ఇక్కడ ఉత్తీర్ణుడైనా అక్కడ ఆ చదువు లెక్కలోకి రాకపోవచ్చు.

రెండవది విద్యా సంవత్సరం. వరంగల్లులో మొదటి సెమిస్టరు సాధారణంగా జులైలో మొదలై నవంబరు లేదా డిసెంబరులో ముగుస్తుంది. రెండవది జనవరి నుండి ఏప్రిల్ లేదా మే వరకు సాగుతుంది. జర్మనీలో శీతాకాలపు సెమిస్టరు అక్టోబరు నుండి మార్చి వరకు ఉంటుంది. తరగతులు ఫిబ్రవరి వరకు నడుస్తాయి. జులైలో వరంగల్లు వచ్చిన జర్మనీ విద్యార్థి తిరిగి వెళ్ళేసరికి అక్కడ తరగతులు మొదలై రెండు నెలలు గడుస్తాయి. జనవరిలో వస్తే అక్కడి సెమిస్టరును మధ్యలో వదలవలసి ఉంటుంది. ఒక సెమిస్టరు కొరకు వచ్చి రెండు సెమిస్టర్లు పోగొట్టుకునే ప్రమాదం ఈ తేడా వలన కలుగుతుంది.

మూడవది వీసా. చదువుకొనడానికి విద్యార్థి వీసా తీసుకొనవలెను. ఈ వీసాపై ఉన్నవారు జీతం తీసుకొని ఉద్యోగం చేయరాదు. కాబట్టి వచ్చిన తరువాత సంపాదించుకొనవచ్చుననే లెక్కతో బయలుదేరరాదు.

మొదటి వారాలు

సమీప అంతర్జాతీయ విమానాశ్రయం హైదరాబాదు శివారులోని శంషాబాదులో ఉన్నది. సికింద్రాబాదు నుండి కాజీపేటకు రైలు మార్గం 132 కిలోమీటర్లు. నిట్‌కు వెళ్ళేవారు వరంగల్లు స్టేషను వరకు పోకుండా కాజీపేటలో దిగడం దగ్గర. టికెట్టుపై 'వరంగల్' అని చూసుకొని ముందుకు వెళ్ళిపోవడం కొత్తవారు చేసే సాధారణ పొరపాటు.

180 రోజులకు మించిన విద్యార్థి వీసాపై వచ్చినవారు 14 రోజులలోగా విదేశీయుల నమోదు అధికారి వద్ద నమోదు చేసుకొనవలెను. 2018 నుండి ఈ పని ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ ద్వారా ఆన్‌లైనులో జరుగుతున్నది. విదేశీయుడికి వసతి ఇచ్చినవారు ఆ సమాచారాన్ని 24 గంటలలోగా అధికారులకు తెలుపవలెను. బయట గది అద్దెకు తీసుకొనదలచినవారు ఇంటి యజమానికి ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. 1939 నాటి విదేశీయుల నమోదు చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుండి కొత్త వలస, విదేశీయుల చట్టం అమలులోకి వచ్చినది.

నగరంలో కూరగాయల బండి వద్ద కూడా ఇప్పుడు ఫోను ద్వారా డబ్బు చెల్లించడం సాధారణం. ఇందుకు ఫోను నంబరు, బ్యాంకు ఖాతా రెండూ కావాలి. విదేశీ విద్యార్థులు పాస్‌పోర్టు, వీసా, ప్రవేశ పత్రం చూపి ఎన్ఆర్ఓ ఖాతా తెరవవచ్చును. ఇది పూర్తయ్యేవరకు కొంత నగదు, అందులోనూ చిల్లర, దగ్గర ఉంచుకొనవలసి ఉంటుంది.

తరగతి, ప్రాంగణం

బోధన ఆంగ్లంలో జరుగుతుంది. హాజరుకు ప్రాధాన్యం ఎక్కువ. హాజరు తగ్గితే పరీక్షకు అనుమతించకపోవచ్చు. హాజరు పట్టింపు లేని దేశాల నుండి వచ్చినవారికి ఇది కొత్త. ఉపాధ్యాయులను పేరుతో కాక 'సార్', 'మేడం' అని పిలుస్తారు. పై తరగతుల వారిని 'అన్నా', 'అక్కా' అనడం తెలుగు విద్యార్థుల అలవాటు. కొత్తవారిని వేధించడం నేరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చినది.

భాష

ప్రాంగణం లోపల ఆంగ్లంతో పని జరిగిపోతుంది. గేటు దాటి ఆటో ఎక్కితే తెలుగు కావాలి. పుస్తకం చూసి తెలుగు నేర్చుకున్నవారు 'ఎక్కడికి వెళ్తున్నారు' అన్న వాక్యం కొరకు ఎదురు చూస్తుంటే, ఇక్కడ వినబడేది 'ఏడికి పోతున్నవ్'. ఇది తప్పు తెలుగు కాదు, ఈ ప్రాంతపు పలుకుబడి. జనం మాట్లాడే భాషకు గౌరవం కావాలని వాదించిన ప్రజాకవి కాళోజీ నారాయణరావు ఈ నగరంలోనే జీవించాడు. అతని పుట్టినరోజైన సెప్టెంబరు 9ని 2014 నుండి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు.

మాటలే కాక సైగలు కూడా తికమక పెడతాయి. తలను అటూ ఇటూ మెల్లగా ఊపితే సాధారణంగా 'సరే' అని అర్థం. 'తిన్నవా?' అన్న ప్రశ్న ఎప్పుడూ భోజనానికి పిలుపు కాదు, అది యోగక్షేమం అడిగే పద్ధతి.

ఆహారం, వాతావరణం

హాస్టలు భోజనంలో అన్నం, పప్పు, కూర, పచ్చడి, పెరుగు ఉంటాయి. వరంగల్లు మిరప పండే ప్రాంతం. ఇక్కడి చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది రంగుకు పేరు పొందిన మిరప, దీని కారం తక్కువే. వంటలలో వాడే మిరప అన్నీ అలాంటివి కావు. 'కారం తక్కువ' అన్న రెండు మాటలు కొత్త విద్యార్థికి ఎంతో ఉపయోగం. పెరుగన్నం చాలామందికి మొదటి ఆసరా. జులైలో వచ్చేవారికి వానాకాలం, జనవరిలో వచ్చేవారికి చలికాలం ఎదురవుతాయి. రెండవ సెమిస్టరు పరీక్షలు మాత్రం 40 డిగ్రీలు దాటే ఎండలలో జరుగుతాయి. కాచిన లేదా శుద్ధి చేసిన నీటినే తాగవలెను. అత్యవసర వైద్యానికి 108 అంబులెన్సు ఉన్నది.

సర్దుబాటుపై అధ్యయనాలు

కొత్త సమాజంలో కలిగే కలవరానికి 'సాంస్కృతిక ఆఘాతం' అన్న మాటను మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబర్గ్ 1960లో రాసిన వ్యాసం ప్రచారంలోకి తెచ్చినది. అంతకు ముందు 1955లో స్వెరె లిస్‌గార్డ్ అమెరికా వెళ్ళి వచ్చిన 200 మంది నార్వే వారిని పరిశీలించాడు. ఆరు నెలల లోపు, పద్దెనిమిది నెలల పైన ఉన్నవారు బాగా సర్దుకున్నారనీ, మధ్య కాలం ఉన్నవారికి ఇబ్బంది ఎక్కువనీ గమనించాడు. దీని నుండి 'యు' ఆకారపు రేఖ అనే భావన పుట్టినది. దీని ప్రకారం మొదట ఉత్సాహం, తరువాత దిగులు, ఆపైన కుదురు.

అయితే కొలీన్ వార్డ్ బృందం న్యూజిలాండ్‌లోని జపాన్ విద్యార్థులను వచ్చిన నాటి నుండి ఏడాదిపాటు పరిశీలించి 1998లో భిన్నమైన ఫలితాన్ని ప్రకటించినది. వారిలో ఇబ్బంది అన్నిటికన్నా ఎక్కువగా కనిపించినది వచ్చిన కొత్తలోనే. ఒక్క సెమిస్టరు ఉండే విద్యార్థి విషయంలో ఈ తేడా ముఖ్యమైనది. సహాయం దిగులు బయటపడిన తరువాత కాక, దిగిన రోజు నుండే అందవలెనని దీని సారాంశం. పద్దెనిమిది వారాల సెమిస్టరులో ఆరు వారాలు కాగితాల పనితో, ఒంటరితనంతో గడిచిపోతే మూడవ వంతు పోయినట్లే.

స్నేహాలు, పండుగలు

స్టీఫెన్ బాక్నర్ తన సహచరులతో 1977లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం విదేశీ విద్యార్థికి మూడు రకాల స్నేహాలు ఉంటాయి. స్వదేశీయులతో స్నేహం మనసుకు ఊరటనిస్తుంది. స్థానికులతో స్నేహం చదువు, పనులు సాగడానికి తోడ్పడుతుంది. ఇతర దేశాల వారితో స్నేహం కాలక్షేపానికి ఉపకరిస్తుంది. వరంగల్లులో ఒకే దేశం వారు చాలామంది కలిసే అవకాశం పెద్ద నగరాలకన్నా తక్కువ. అందువలన స్థానిక స్నేహాల అవసరం ఇక్కడ ఎక్కువ.

ఇందుకు మొదటి సెమిస్టరు అనుకూలమైనది. సెప్టెంబరు - అక్టోబరు నెలలలో తొమ్మిది రోజులు బతుకమ్మ జరుగుతుంది. 1163లో కట్టిన వేయిస్తంభాల గుడి వద్ద స్త్రీలు పెద్ద ఎత్తున చేరి ఆడతారు. అయితే దసరా సెలవులకు స్థానిక విద్యార్థులు ఇళ్ళకు వెళ్ళగా హాస్టళ్ళు పలచబడతాయి. సహాధ్యాయి తన ఊరికి తీసుకువెళ్ళకపోతే విదేశీ విద్యార్థికి అవి ఒంటరి రోజులు. 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన పాలంపేట రామప్ప దేవాలయం, వరంగల్లు కోట కూడా విద్యార్థులు కలిసి చూసి వచ్చే స్థలాలు.

తిరుగు ప్రయాణం

వెళ్ళేముందు మార్కుల ధ్రువపత్రం ఎప్పుడు, ఎలా అందుతుందో తేల్చుకొనవలెను. స్వదేశానికి చేరిన తరువాత దానికై ప్రయత్నించడం ఆలస్యానికి దారితీస్తుంది. వసతి, బ్యాంకు లెక్కలు కూడా ముగించుకొనవలెను. సెలవు తీసుకునేటప్పుడు తెలుగువారు 'పోతున్నా' అనరు, అది అశుభమని భావిస్తారు. మళ్ళీ వచ్చే ఉద్దేశం ఉన్నా లేకున్నా 'పోయొస్తా' అనే అంటారు. మార్పిడి విద్యార్థి చివరగా నేర్చుకునే మాట సాధారణంగా ఇదే.

ఇవి కూడా చూడండి

* జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, వరంగల్లు
* కాకతీయ విశ్వవిద్యాలయం
* హనుమకొండ
* కాళోజీ నారాయణరావు
* బతుకమ్మ